కరిగిపోయిన రక్తానికి ఎన్ని మార్కులు?

మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు ఉన్న గదిలో ఎప్పుడూ ఒక హోరు ఉంటుంది. అక్కడ రోజూ పనిచేసేవాళ్ళకు కొన్నాళ్ళకు అది చెవికెక్కదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడిన నాలుగో రోజున, కూలిన చెట్లు దాటుకుంటూ నడిచి ఆ గదికి వెళ్ళాను. తలుపు తీయకముందే తెలిసిపోయింది, హోరు లేదని. లోపల నేలంతా నీళ్ళు. అరల్లో గులాబీ రంగు నీరు పట్టిన ప్లాస్టిక్ గొట్టాలు. వాటి మీద అంటించిన చీటీలు కొన్ని ఊడి అడుగున తేలుతున్నాయి.

మూడు మండలాల గర్భిణుల రక్తం అది. అందులో సగానికి సగం నేను దగ్గరుండి తీయించినదే. అప్పట్లో నేను ఫీల్డు సూపర్‌వైజరును. జనరేటరు ఉంది, డీజిలు లేదు. ఆ వారం నగరంలో డీజిలు దొరకడం గగనమన్న మాట నిజమే. కానీ దొరికినా కొనడానికి ఖాతాలో డబ్బు లేదు. విదేశీ సహాయంతో నడిచిన ఆ ప్రాజెక్టు మార్చి నెలాఖరుకే ముగిసింది. మా ఉద్యోగాలూ దానితోనే ముగిశాయి. ఆ రోజు నేను వెళ్ళింది జీతానికి కాదు, మనసు ఊరుకోక.

అసలు విషయం ఇది కాదు. ఆ ప్రాజెక్టుకు ఫిబ్రవరిలోనే మూల్యాంకనం జరిగింది. ముగ్గురు సభ్యుల బృందం వచ్చి, ఐదు రోజులుండి, అత్యుత్తమ శ్రేణి ఇచ్చి వెళ్ళింది. వాళ్ళకు దుబాసీని నేనే. "నమూనాల దీర్ఘకాలిక భద్రత" అనే గడిలో టిక్కు పడుతున్నప్పుడు పక్కనే ఉన్నాను. ఫ్రీజరు చూపించాం, హోరు విన్నారు, టిక్కు పెట్టారు. అందులో అబద్ధం ఏమీ లేదు. ఆ రోజుకు అది నిజమే.

ఆ తర్వాత నా బతుకు ఇలాంటి బృందాల వెంటే సాగింది. ఏడాదికి రెండు మూడు సార్లు ఎవరో ఒకరు పిలుస్తారు. హోదా "స్థానిక సలహాదారు", పని పాత దుబాసీదే. కాబట్టి ఇక్కడ రాస్తున్నది బయటి నుంచి వేసే రాయి కాదు. ఆ టిక్కుల్లో కొన్ని నా చేతివి కూడా.

మూల్యాంకనం ఎలా జరుగుతుందో తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్తాను. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీలోని దాతల సంఘం 1991లో ఐదు కొలబద్దలు పెట్టింది: ప్రాసంగికత, ఫలసాధకత, పొదుపు, ప్రభావం, సుస్థిరత. 2019లో పొందిక అనే ఆరోదాన్ని చేర్చింది. లోకంలో ఏ మూల ఏ సహాయ ప్రాజెక్టు నడిచినా ఇంచుమించు ఈ గీతల మీదే లెక్క కడతారు. బావి తవ్వినా, బడి కట్టినా, పరిశోధన చేసినా అదే త్రాసు. వాటిలో సుస్థిరత, అంటే దాత వెళ్ళాక కూడా పని నిలబడుతుందా అన్న గడి దగ్గర నాకు ఎప్పుడూ నవ్వొస్తుంది. నేను అనువదించిన నివేదికల్లో దాదాపు అన్నింటిలోనూ ఆ గడిలో ఒకటే వాక్యం: ప్రభుత్వంతో చర్చలు జరుగుతున్నాయి.

బృందం మూడు రోజులు నగరంలో, రెండు రోజులు పల్లెల్లో ఉంటుంది. నగరంలో ఉపన్యాసాలు, తెర మీద బొమ్మలు, బీచ్ రోడ్డు హోటల్లో రాత్రి భోజనం. పల్లెలో ముందురోజే కబురు వెళ్ళి ఉంటుంది. ఉప ఆరోగ్య కేంద్రం ముందు ముగ్గు ఉంటుంది. ఆశా కార్యకర్త ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని, రిజిస్టరు చంకలో పెట్టుకుని నిలబడి ఉంటుంది. కొబ్బరి బోండాలు వస్తాయి. ఎంపిక చేసిన నలుగురు తల్లులు ఎంపిక చేసిన నాలుగు మాటలు చెప్తారు. దీన్ని మోసం అనను. ఇంటికి చుట్టాలొస్తే మనమూ అటక మీద చెత్త చూపించం. కానీ ఇల్లు కొనడానికి వచ్చినవాడు అటక ఎక్కాలి కదా.

నాకున్న పేచీ ఆ ముగ్గుతో కాదు, త్రాసుతో. వైద్య సేవను తూచే త్రాసుతో వైద్య పరిశోధనను తూచకూడదు. సేవ అంటే తెలిసిన మందును అందనివాళ్ళకు అందించడం. ఎందరికి అందింది, ఎంత ఖర్చయింది అని అడగవచ్చు. పరిశోధన అంటే తెలియనిదాన్ని తెలుసుకోవడం. తెలిసేది ఏమిటో ముందే తెలిస్తే అది పరిశోధనే కాదు. ఐదేళ్ళలో మరణాలు ఎంత శాతం తగ్గిస్తారో దరఖాస్తులోనే రాయమనే పద్ధతి, దుక్కి దున్నే రోజునే రైతును ధాన్యం రసీదు అడగడం లాంటిది.

మన పొరుగునే జరిగిన ఒక సంగతి చూడండి. 1950ల్లో క్షయ అంటే శానటోరియం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం అందుకే వెలిసింది: మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి మంచం. లక్షల మంది రోగులున్న దేశంలో అన్ని మంచాలు ఎక్కడి నుంచి వస్తాయి? 1956లో భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి కలిసి మద్రాసులో ఒక కేంద్రం తెరిచాయి. రోగుల్లో కొందరిని శానటోరియంకు పంపారు, కొందరిని ఇరుకు ఇళ్ళలోనే ఉంచారు. మందులు ఇద్దరికీ అవే. ఇళ్ళలో ఉన్నవాళ్ళకు తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ. అయినా ఏడాది తిరిగేసరికి రెండు వర్గాలూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నాయి. ఇంట్లో మిగతావాళ్ళకు అదనంగా అంటుకోనూ లేదు. 1959లో ఆ ఫలితం అచ్చయ్యాక ప్రపంచమంతటా క్షయ చికిత్స శానటోరియం గేటు దాటి ఇంటి గుమ్మంలోకి వచ్చింది. ఇవాళ పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రిలో మందుల పొట్లం తీసుకుని సిటీ బస్సెక్కి ఇంటికి వెళ్ళే రోగి ఆ ప్రయోగానికి వారసుడే. ఐదేళ్ళ కోసమని మొదలైన ఆ కేంద్రం ఇప్పుడు చెన్నైలో జాతీయ క్షయ పరిశోధన సంస్థగా ఉంది.

ఇది గెలిచిన కథ. ఓడిన కథ నాకు ఇంకా ఇష్టం. 1968లో చెంగల్పట్టు జిల్లాలో బీసీజీ టీకా పరీక్ష మొదలైంది. రెండున్నర లక్షలకు పైగా జనం. పదకొండేళ్ళ తర్వాత, 1979లో వచ్చిన జవాబు: ఊపిరితిత్తుల క్షయ నుంచి పెద్దవాళ్ళను ఆ టీకా కాపాడడం లేదు. అంత డబ్బు, అంతమంది చేతులు, చివరికి "లేదు" అన్న ఒక్క మాట. ఇవాళ్టి మూల్యాంకన పత్రంలో ప్రభావం గడిలో దానికి సున్నా పడుతుంది. నన్నడిగితే నూటికి నూరు వేస్తాను. పనిచేయనిదాన్ని పనిచేస్తుందని నమ్మి కూర్చునే ఖర్చుతో పోలిస్తే ఆ పదకొండేళ్ళు చవక.

కాలం సంగతి కూడా అంతే. 2016లో, పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్‌ను అడ్డుకునే టీకాను జాతీయ కార్యక్రమంలో చేర్చినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. హైదరాబాదులో తయారైన ఆ టీకాకు మూలమైన వైరస్ రకం ఢిల్లీ ఎయిమ్స్‌లో పసికందుల్లో దొరికింది 1980ల నడుమ. మధ్యలో ముప్ఫై ఏళ్ళు. మన ప్రభుత్వ సొమ్ము, అమెరికా సంస్థల సొమ్ము, గేట్స్ ఫౌండేషన్ సొమ్ము కలిసి ప్రవహించాయి. ఆ దారిలో 1995లోనో 2002లోనో ఒక బృందం దిగి ఎన్ని ప్రాణాలు కాపాడారని అడిగి ఉంటే ఏం చెప్పేవారు?

ఇక్కడిదాకా చదివిన పరిశోధకులు చప్పట్లు కొట్టి ఉంటారు. ముప్ఫై ఏళ్ళు ఆగండి, అప్పటిదాకా లెక్కలు అడగకండి అని నేనే చెప్పినట్టుంది కదా. కాదు. కొన్ని ప్రశ్నలకు ముప్ఫై ఏళ్ళు అక్కర్లేదు, ముప్ఫై నిమిషాలు చాలు. ఆ నిమిషాలు మాత్రం సరైన చోట గడపాలి.

ఖమ్మం మనకు గుర్తుండాలి. 2009లో గేట్స్ ఫౌండేషన్ డబ్బుతో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, అప్పటి మన ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేసింది. దాదాపు 14,000 మంది. చాలామంది ఆశ్రమ హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలు. గుజరాత్‌లోనూ ఇలాంటిదే నడిచింది. 2010 ఏప్రిల్‌లో, కొందరు బాలికలు చనిపోయారన్న వార్తల తర్వాత ఆపేశారు. విచారణలో ఆ మరణాలకూ టీకాకూ సంబంధం లేదని తేలింది. ఆ టీకా మంచిదే, నేను మా అమ్మాయికి వేయించాను. కానీ అదే విచారణలోనూ, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలోనూ బయటపడింది వేరే సంగతి: అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు వేల సంఖ్యలో సంతకాలు పెట్టేశారు. ఇది పరిశోధనా, కేవలం ఆచరణలో చేసి చూపే ప్రదర్శన ప్రాజెక్టా అన్న దాని మీద కూడా పెద్ద గొడవ జరిగింది. ప్రదర్శన అంటే క్లినికల్ ట్రయల్స్‌కు ఉండే కట్టుబాట్లు తప్పుతాయి మరి.

ఆ సంతకాల సంగతి తెలియడానికి పదేళ్ళు ఆగాలా? ఒక హాస్టల్‌కు వెళ్ళి, పత్రాల కట్ట విప్పి, ఒకే చేతిరాత వరసగా కనిపిస్తోందా లేదా అని చూస్తే చాలు. వేసిన మోతాదుల లెక్కలో ఆ ప్రాజెక్టు బాగానే నడుస్తున్నట్టు కనిపించి ఉంటుంది. వార్డెన్ సంతకం పెడితే మోతాదులు త్వరగా పడతాయి. గడిలో అంకె పెరుగుతుంది. ఏ తప్పు వల్ల పరువు పోయిందో ఆ తప్పే పనితీరు సూచికను పైకి ఎగదోసింది. అంకె పెరిగిన కొద్దీ సంతోషించే త్రాసు ఇలాంటిదాన్ని పట్టుకోలేదు. పట్టుకోలేకపోవడమే కాదు, ప్రోత్సహిస్తుంది.

దీనికి నేను బయటివాళ్ళనే తిట్టను. నేను అంగీకార పత్రాలు చదివి వినిపించిన రోజుల్లో నాలుగు పేజీలను నలభై సెకన్లలో ముగించేదాన్ని. "రక్తం ఇస్తే మంచిదమ్మా, పరీక్ష చేస్తారు" అనేదాన్ని. రోజుకు పన్నెండు ఇళ్ళు చేయాలి. పదమూడో ఇంటికి వెళ్తే సాయంత్రం ఆఖరి బస్సు దొరకదు. ఆ "పరీక్ష చేస్తారు" అన్న మాట నా నాలుక మీద ఇప్పటికీ ముల్లులా ఉంది. దాని సంగతి చివర చెప్తాను.

ఉత్తరాంధ్రలో ఈ చర్చ అంతా ఉద్దానం దగ్గరకు వచ్చి ఆగుతుంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి. కొబ్బరి తోటలు, జీడి తోటలు, చూడడానికి కోనసీమ తమ్ముడిలా ఉంటుంది. ఆ ఊళ్ళలో మూత్రపిండాలు ఎందుకు చెడిపోతున్నాయో కనుక్కోవడానికి ఇరవై ఏళ్ళకు పైగా బృందాల మీద బృందాలు వచ్చాయి. ఆంధ్ర వైద్య కళాశాల వాళ్ళు, ఢిల్లీ వాళ్ళు, విదేశాల వాళ్ళు. నీళ్ళు పట్టుకెళ్ళారు, మట్టి పట్టుకెళ్ళారు, రక్తం, మూత్రం పట్టుకెళ్ళారు. కారణం ఇదీ అని ఇప్పటికీ ఒక్క మాటలో తేలలేదు. తేలనందుకు వాళ్ళను తప్పుపట్టను, శ్రీలంకలో, మధ్య అమెరికాలో ఇదే జబ్బు ఇలాగే సతాయిస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి ఇళ్ళకు తాగునీటి పథకం వచ్చింది. ఇప్పుడు చెప్పండి, ఇది ఎవరి ఖాతాలో వేయాలి? పరిశోధన పత్రాలా? ధర్నాలా? పత్రికలా? ఓట్ల లెక్కలా? ప్రతి ప్రాజెక్టు నివేదికా ఆసుపత్రి ఫొటోను తన అట్ట మీద వేసుకోగలదు. ఎవరి వాటా ఎంతో విడదీయడం పులుసులోంచి చింతపండును వెనక్కి తీయడమే.

అందుకే "ప్రభావం ఎవరిది" అన్న తగవును కొంతకాలం పక్కన పెట్టి, "నడవడి ఎలాంటిది" అని అడగమంటాను. ప్రశ్న ఎవరు వేశారు? ఉద్దానం మనిషికి కావలసింది ముందు డయాలసిస్ మంచం, మంచినీళ్ళు, తర్వాతే కారణం. వచ్చిన బృందాల్లో ఎంతమంది ఆ వరస అడిగి తెలుసుకున్నారు? డబ్బు పెట్టెలో రూపాయికి ఎన్ని పైసలు జిల్లా దాటకుండా ఇక్కడే ఖర్చయ్యాయి? పత్రం మీద మొదటి పేరు ఎవరిది, ఫీల్డులో ఎండకు తిరిగినవాడి పేరు కృతజ్ఞతల్లో అయినా ఉందా? గణాంకాల కంప్యూటర్ ఎవరి బల్ల మీద మిగిలింది? ఇవి నా బుర్రలో పుట్టినవి కావు. కెనడాకు చెందిన ఐడీఆర్‌సీ అనే సంస్థ ఇలాంటి ప్రశ్నలతోనే ఒక పద్ధతి తయారు చేసుకుంది. పరిశోధన శాస్త్రీయంగా గట్టిదా అన్నదానితో పాటు, అక్కడి జనానికి న్యాయంగా ఉందా, వాళ్ళకు ముఖ్యమైనదా, వాడుకోవడానికి వీలుగా ఉందా అని కూడా మార్కులు వేస్తుంది. ఉంది, కానీ నన్ను పిలిచే బృందాల సంచుల్లో ఆ పత్రం నాకు ఇంతవరకు కనిపించలేదు.

ఆపేసే సంగతి మరీ విచిత్రం. మొదలుపెట్టడానికి, కొనసాగించడానికి కట్టలకొద్దీ మూల్యాంకనాలు కావాలి. ఆపడానికి ఒక్క ఉత్తర్వు చాలు. 2021లో బ్రిటన్ తన సహాయ నిధిని జాతీయాదాయంలో 0.7 శాతం నుంచి 0.5కు తగ్గించినప్పుడు నడుస్తున్న పరిశోధనలకు నడిమధ్యలో కోత పడింది. 2025 జనవరిలో అమెరికా విదేశీ సహాయాన్ని స్తంభింపజేసినప్పుడు ప్రయోగాల్లో ఉన్న మనుషులను కూడా అలాగే వదిలేయాల్సి వచ్చింది. దక్షిణాఫ్రికాలో హెచ్ఐవీ నివారణ ప్రయోగంలో ఉన్న స్త్రీల యోనిలో పరీక్షకు అమర్చిన వలయాలు ఉండగానే పని ఆపమన్న ఉత్తర్వు వచ్చింది. 1984 నుంచి 90కి పైగా దేశాల్లో తల్లీబిడ్డల లెక్కలు తీసిన డీహెచ్ఎస్ సర్వే కార్యక్రమం ఆ దెబ్బకే ఆగింది. ఆ కుటుంబానికే చెందిన మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన ప్రభుత్వ నిధులతో నడుస్తోంది కాబట్టి బతికింది. మన వైపు నుంచి కూడా ఒక తలుపు పడింది: 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, విదేశీ నిధి అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదన్నారు. అక్రమాలు ఆపడానికే అన్నారు. కానీ ఏజెన్సీ ఊళ్ళలో తిరిగే చిన్న సంఘాలకు పెద్ద సంస్థల ద్వారానే పైసా అందేది. నాతో పనిచేసిన ఇద్దరు అమ్మాయిలు ఆ ఏడే పని పోగొట్టుకున్నారు. ఒకరు ఇప్పుడు గాజువాకలో బట్టల దుకాణంలో ఉంది. మన్యంలో మూడు భాషల్లో రక్తహీనత గురించి మాట్లాడగలిగిన మనిషి. ఈ నష్టం ఏ గడిలో రాయాలి?

ఆ గర్భిణుల రక్తం కథకు వస్తాను. కరిగిపోయిన నమూనాలు పనికిరావని తేలాక వాటిని జీవవ్యర్థాల బండికి ఎత్తించారు. ఊళ్ళకు ఎవరూ కబురు చెప్పలేదు. చెప్పాలన్న నిబంధన లేదు. ఏడాది తర్వాత వేరే పని మీద ఆనందపురం దాటి అందులో ఒక ఊరికి వెళ్తే ఒక అత్తగారు నన్ను గుర్తుపట్టింది. ఆమె కోడలు కాన్పు తర్వాత నెలల తరబడి లేవలేకపోయిందట. ఆసుపత్రిలో రక్తం బాగా తక్కువగా ఉందన్నారట. "మీరు ముందే పరీక్ష చేస్తామని తీసుకెళ్ళారు కదమ్మా, అప్పుడే చెప్పి ఉంటే..." అని ఆగిపోయింది. కోపం లేదు ఆ గొంతులో. అదే కష్టం.

ఆ రక్తాన్ని పరీక్షించారు. కోడలి రక్తంలో ఎంత హిమోగ్లోబిన్ ఉందో ఒక అంకె ఉంది, ఒక విదేశీ పత్రికలో అచ్చయిన సగటులో కలిసి. కానీ ఏ అంకె ఏ మనిషిదో చెప్పే జాబితాను, గోప్యత కోసం, ప్రాజెక్టు ముగిసిన రోజున నిబంధన ప్రకారం చించేశాం. ఆమెను కాపాడడానికి పెట్టిన నియమమే ఆమెకు కబురు అందకుండా చేసింది. మూల్యాంకనంలో ఆ గోప్యతకు కూడా టిక్కు పడింది. తక్కువ వచ్చినవాళ్ళకు ముందు చెప్పి, ఆ తర్వాత జాబితా చించవచ్చు. ఐరన్ మాత్రలు ఆశా కార్యకర్త సంచిలోనే ఉన్నాయి. మాలో ఎవరికీ తట్టలేదు. తట్టించే గడి పత్రంలో లేదు.

గత నెల ఇంకో బృందంతో పనిచేశాను. ఈసారి ముసాయిదాలో నా భాగం మొదటి వరసలో ఇలా రాశాను: రక్తం ఇచ్చిన ప్రతి ఒక్కరికీ వాళ్ళ ఫలితం, వాళ్ళకు అర్థమయ్యే భాషలో, ఇంటికి వెళ్ళి చెప్పారా? నాలుగు ఊళ్ళలో అడిగాను, చెప్పలేదు. బృంద నాయకురాలు మంచి మనిషి, చదివింది. పక్కన పసుపు రంగులో ఒక వ్యాఖ్య పెట్టి పంపింది: "ముఖ్యమైన పరిశీలన. ఇది ఏ సూచిక కిందకు వస్తుంది?"

సోమవారంలోగా జవాబు రాయాలి. పత్రంలో ఆరు కొలబద్దలు, వాటి కింద 46 సూచికలు ఉన్నాయి. రెండుసార్లు చదివాను.